మబ్బు పాట తుడిచిన రోజు

లాప్‌టాప్‌లో టీచరు భిన్నాలు చెబుతోంది. ఉడత మాత్రం వీధి తలుపు గడియ తుడుస్తోంది.

"ఎవరిదమ్మా ఆ ఖాళీ కుర్చీ? కుర్చీ బుద్ధిగా పాఠం వింటోంది. పిల్లేది?" అని అడిగింది టీచరు.

ఉడత ఒక్క పరుగున వచ్చి కూలబడింది. చేతిలో శానిటైజర్ సీసా అలాగే ఉంది.

"సారీ టీచర్. గడియ తుడవడం మర్చిపోయాను."

"గడియ ఎక్కడికీ పారిపోదులే. మూడో లెక్క చెయ్యి."

తెర మీద చిన్న చిన్న గళ్ళలో పిల్లలందరూ కిసుక్కున నవ్వారు. ఉడత నవ్వలేదు. లెక్క చేస్తూ కూడా కిటికీ చువ్వల వైపు చూసింది. వాటిని పొద్దున తుడిచిందా, లేదా?

స్కూల్లో ఆమెకు వేరే పేరుంది. ఇంట్లో మాత్రం ఉడతే. పదేళ్ళొచ్చినా ఒక చోట నిలవదు. అలమరాలు ఎక్కుతుంది, కుర్చీ చేతుల మీద నడుస్తుంది.

నాన్నకు మందుల షాపు ఉంది. ఊరంతా తలుపులు మూసుకుని కూర్చున్నా ఆయన వెళ్ళక తప్పదు. జబ్బు మొదలైన కొత్తలోనే నాన్న ఇంటికి ఒక రూలు పెట్టాడు. తుడవనిది గడప దాటి లోపలికి రాకూడదు.

"ఈ శాఖ నీది. ఇవాళ్టి నుంచి నువ్వు శానిటైజర్ మంత్రివి" అన్నాడు ఉడతతో.

అప్పట్లో అది సరదాగా ఉండేది. అమ్మమ్మ రెండు చేతులూ చాపి నిలబడేది. "మంత్రిగారూ, ఒక్కసారి దయ చూపండి. టీ పెట్టుకోవాలి" అనేది. ఉడత వాటి మీద శానిటైజర్ టప్‌మని కొట్టేది. "అబ్బ, చల్లగా ఉందే!" అని అమ్మమ్మ వేళ్ళు విదిలించేది.

ఇప్పుడు అమ్మమ్మ ఇంట్లో లేదు. ఆసుపత్రిలో ఉంది.

అంబులెన్సు వచ్చినప్పుడు ఎవరి సాయమూ లేకుండా నడుచుకుంటూ వెళ్ళి ఎక్కింది. ఎక్కేముందు వెనక్కి తిరిగి, "స్టవ్ మీద పాలున్నాయి. పొంగిపోతాయి, చూడండి" అంది. తలుపులు మూసుకున్నాయి.

ఆ పాల మాట ఉడత గుండెలో ముల్లులా దిగింది. ఎందుకో ఎవరికీ చెప్పలేదు. జ్వరం రావడానికి ముందు రోజు పాల ప్యాకెట్లు వచ్చాయి. ఉడత కార్టూన్ చూస్తోంది. తర్వాత తుడుద్దాంలే అనుకుంది. ఈలోగా అమ్మమ్మ వాటిని ఎత్తుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

జబ్బు ఆ ప్యాకెట్ల మీదే వచ్చిందని ఉడత నమ్మకం. అందుకే ఇప్పుడు గడియలు, స్విచ్చులు, రిమోట్లు, చెప్పులు, పెన్సిళ్ళు, ఏదీ వదలడం లేదు. ఇల్లంతా ఆ స్పిరిట్ వాసనే.

*

తాతయ్య ఒకప్పుడు బస్సు డ్రైవరు. ఏ ఊళ్ళో బస్సు ఎక్కువసేపు ఆగితే ఆ ఊళ్ళో పాత సామాన్ల కొట్టు వెతుక్కునేవాడు. అక్కడ దుమ్ములో పడి ఉన్న గ్రామఫోన్ రికార్డులు తెచ్చుకునేవాడు. నల్లగా, బరువుగా, పళ్ళేల్లా ఉంటాయవి. కింద పడితే పెంకులే. ఒక్కో వైపు ఒక్కటే పాట. ఆయన గదిలో నాలుగు గోడలకూ అవే.

ఆయన పాట వినే పద్ధతి ఆయనదే. పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి. అంతకు మించి పెట్టడు. ముందు చేతులు కడుక్కుని పొడిగా తుడుచుకుంటాడు. రికార్డును అంచులు పట్టుకుని తీస్తాడు. మెత్తని కుంచెతో దుమ్ము దులుపుతాడు. చిన్న రేకు డబ్బాలోంచి కొత్త సూది తీసి బిగిస్తాడు. గ్రామఫోన్‌కు కీ ఇస్తాడు. పాట నడుస్తున్నంతసేపూ టీ కూడా తాగడు. "టీ తాగుతూ పాట వింటే రెండూ చల్లారిపోతాయి" అంటాడు.

మధ్యలో ఎవరైనా నోరు విప్పితే వేలెత్తి, "డ్రైవరుతో మాట్లాడరాదు!" అంటాడు.

లాక్‌డౌన్‌లో ఎక్కడికీ వెళ్ళే పని లేకపోయింది. అప్పట్నుంచి ప్రతి పాటకూ ఒక ఊరు చెప్పడం మొదలుపెట్టాడు. "ఇది గడియార స్తంభం పక్కన కొట్లో దొరికింది. ఆ రోజు టైరు పంక్చరు. లేకపోతే ఈ పాట మనకు దొరికేదే కాదు." అమ్మమ్మ, ఉడత పక్కపక్కన కూర్చుని వినేవాళ్ళు, బస్సులో కిటికీ సీట్లో కూర్చున్నట్టు.

అమ్మమ్మను ఆసుపత్రిలో చేర్చాక సాయంత్రం పాట ఫోన్‌లోకి మారింది. అక్కడ ఒక నర్సమ్మ ఉంది. ఆరింటికి కాస్త తీరిక చూసుకుని ఫోను చేస్తుంది. తాతయ్య తన ఫోను గ్రామఫోన్ బూర ముందు పెడతాడు. అమ్మమ్మ మొహానికి ఆక్సిజన్ మాస్కు ఉంటుంది. ఎక్కువ మాట్లాడలేదు. వింటుంది.

"ఏమోయ్, వినపడుతోందా?" అని తాతయ్య అరుస్తాడు.

"వినపడుతోందండీ. వేలితో మంచం మీద తాళం వేస్తున్నారు" అని నర్సమ్మ చెబుతుంది.

ఆ మాట చాలు. ఆ పూట తాతయ్య సరిగ్గా అన్నం తింటాడు.

ఒక సాయంత్రం పాట అయిపోయాక నర్సమ్మ ఫోను పెట్టేయబోయి ఆగింది.

"తాతగారూ, మామ్మగారు ఏదో అంటున్నారు. మబ్బు, మబ్బు అంటున్నారు. ఇక్కడ మబ్బేం లేదండీ, పొద్దుటి నుంచీ ఎండ దంచేసింది."

తాతయ్య పెద్దగా నవ్వాడు. చాలా రోజుల తర్వాత నవ్వాడు.

"అది పాట తల్లీ! మబ్బు పాట. రేపు పెడతానని చెప్పు. తప్పకుండా పెడతానని చెప్పు."

మబ్బు పాట అమ్మమ్మది. ఎవరో ఒకావిడ పాడింది. బట్టలు ఆరేశాను, కాసేపాగి కురువు అని మబ్బును బతిమాలుతుంది. ఎలుకలు లేబుల్ కొరికేశాయి కాబట్టి ఆవిడ పేరేమిటో ఎవరికీ తెలియదు. అలాంటిది ఇంకొకటి దొరుకుతుందేమోనని తాతయ్య ఎన్నో కొట్లు వెతికాడు. దొరకలేదు.

ఆయన ఆ రికార్డు తీసి కిటికీ పక్కన బల్ల మీద పెట్టుకున్నాడు, రేపటి కోసం.

*

మర్నాడు మధ్యాహ్నం తాతయ్య కునుకు తీస్తున్నాడు. అమ్మ పక్క గదిలో ఆఫీసు పని చేసుకుంటోంది. ఉడత సీసా పట్టుకుని తాతయ్య గదిలోకి వెళ్ళింది. స్విచ్చులు తుడిచింది. కుర్చీ చేతులు తుడిచింది. బల్ల తుడవబోతే రికార్డు కనిపించింది.

చెయ్యి టక్కున వెనక్కి లాక్కుంది.

జ్వరం వచ్చిన సాయంత్రం ఆ రికార్డును అమ్మమ్మే తీసింది. తీస్తూ దగ్గింది. దాని మీదే దగ్గింది. ఆ తర్వాత ఎవరూ దాన్ని తుడవలేదు. ఇప్పుడు తాతయ్య దాన్ని మళ్ళీ పట్టుకుంటాడు. అదే చేత్తో మొహం తుడుచుకుంటాడు. అప్పుడు తాతయ్య కూడా అంబులెన్సు ఎక్కుతాడు.

ఈసారి తర్వాత తుడుద్దాంలే అనుకోలేదు.

మెత్తని గుడ్డ మీద శానిటైజర్ బాగా కుమ్మరించింది. రికార్డును కవరులోంచి తీసి గుండ్రంగా తుడిచింది. గుడ్డ నల్లగా అయింది.

"అమ్మో, ఎంత మురికి!" అనుకుంది. ఇంకాస్త పోసి ఇంకాస్త గట్టిగా రుద్దింది. గుడ్డ ఇంకా నల్లబడింది. రెండో వైపు తిప్పి అటూ రుద్దింది. వేళ్ళకు జిగురు జిగురుగా తగిలింది. ఫ్యాను కింద పెట్టి ఆరబెట్టింది.

ఆరాక చూస్తే దాని మెరుపు పోయింది. బూడిద రంగు మచ్చలు తేలాయి. కొత్తగా కడిగింది కదా, అలాగే ఉంటుందేమో అనుకుంది. గబగబా కవరులో దూర్చి ఎక్కడిదక్కడ పెట్టేసింది. గుడ్డను తన మంచం కిందికి తోసేసింది.

ఆరింటికి ఫోను వచ్చింది.

"ఏమోయ్, మబ్బు పాట వస్తోంది, కాచుకో!" అని తాతయ్య హుషారుగా కీ ఇచ్చాడు. రికార్డు పెట్టి సూది దించాడు.

గరగరమంది. ఆ గరగర వెనకాల, గోడ అవతల నుంచి పిలిచినట్టు, ఆవిడ గొంతు రవ్వంత వినపడింది. మళ్ళీ గరగర. సూది ఒక చోట ఇరుక్కుని గీరడం మొదలుపెట్టింది.

తాతయ్య సూది మార్చాడు. మళ్ళీ అంతే. ఇంకో సూది పెట్టాడు.

"ఏయ్ దిక్కుమాలిన సూదీ! ఇవాళే దొరికిందా నీకు? జీవితమంతా బస్సు నడిపాను, ఒక్కనాడు మధ్యలో దించలేదు ఎవర్నీ. నువ్వు మూడు నిమిషాల దారిలో బ్రేక్‌డౌన్ అవుతావా? దిగు! దిగి తొయ్యి!"

వేరే రోజైతే ఉడత పడీపడీ నవ్వేది. ఇప్పుడు తలుపు చాటున గోడకు అతుక్కుపోయింది.

తాతయ్య కళ్ళద్దాలు పైకి తోసుకుని రికార్డును దగ్గరగా చూశాడు. కిటికీ వైపు చూశాడు. ఆయన మొహం వాడిపోయింది.

"ఎండ తగిలింది" అన్నాడు మెల్లగా. "కిటికీ పక్కన పెట్టాను. నిన్న సాయంత్రం నుంచి ఇవాళంతా. వేడికి కరిగింది. ఎవరైనా రికార్డు కిటికీ పక్కన పెడతారా? నేనే పెట్టాను."

ఫోను చేతిలోకి తీసుకున్నాడు. "ఏమోయ్... ఇవాళ కుదరలేదోయ్. రేపు చూస్తాను. ఏదో ఒకటి చేస్తాను" అన్నాడు.

తుడిచింది నేను అని ఉడత నాలుక చివరి దాకా వచ్చింది. అక్కడే ఆగిపోయింది.

ఆ రికార్డును తాతయ్య కవరులో పెట్టి, అన్నిటికన్నా కింది అరలోకి తోసేశాడు. మళ్ళీ తీసి చూడలేదు.

*

మరుసటి రోజు అమ్మమ్మను వేరే వార్డుకు మార్చారు. అక్కడికి ఫోను తీసుకెళ్ళకూడదన్నారు. ఆ వారం గడవకముందే అమ్మమ్మ చనిపోయింది.

ఇంటికి తీసుకురావడం కుదరదన్నారు. శ్మశానానికి ఒక్కరు తప్ప ఎవరూ రాకూడదన్నారు. నాన్న ఒక్కడే వెళ్ళి వచ్చాడు. గేటు దగ్గరే చాలాసేపు నిలబడ్డాడు. అమ్మ లోపలి నుంచి ఆయన్ని చూస్తూ నిలబడింది. ఇద్దరి మధ్యా వాకిలి మాత్రమే ఉంది. ఇద్దరూ దాన్ని దాటలేకపోయారు.

ఉడత తన మంచం మీద మోకాళ్ళు ముడుచుకుని కూర్చుంది. ఆ రోజు ఏమీ తుడవలేదు.

తర్వాత ఇల్లు మెల్లగా కదిలింది. అమ్మ ఆఫీసు పనిలో కూర్చుంది. నాన్న షాపుకెళ్ళాడు. ఉడతకు క్లాసులు మొదలయ్యాయి. టీచరు ఆమెను ఏమీ అడగలేదు. క్లాసు అయిపోయాక, "నువ్వు కనిపిస్తే చాలమ్మా" అని మాత్రం అంది.

తాతయ్య గదిలోంచి పాట రాలేదు. పొద్దునా లేదు, సాయంత్రమూ లేదు.

ఒక రోజు ఆ గదిలో చప్పుడైతే ఉడత తొంగి చూసింది. తాతయ్య నేల మీద కూర్చుని రికార్డులు అట్టపెట్టెల్లో సర్దుతున్నాడు. అమ్మ గుమ్మంలో నిలబడి ఉంది.

"ఎందుకు నాన్నా ఇదంతా?"

"పాత సామాన్ల అతను రేపు వస్తాడు. ఇచ్చేస్తాను."

"నీకేమైనా పిచ్చా? ఇవి లేకుండా నువ్వుండగలవా?"

"ఉండగలను."

"నాన్నా..."

"ఆవిడ ఒక్కటే అడిగిందమ్మా." తాతయ్య తలెత్తలేదు, తన చేతుల వైపే చూసుకుంటున్నాడు. "అంత జబ్బులో నోరు తెరిచి ఒక్క పాట అడిగింది. దాన్ని నా చేతులారా పాడుచేశాను. ఈ చేతులతో ఇంక వీటిని ముట్టుకోను. ముట్టుకుంటే అదే గుర్తొస్తుంది."

అమ్మ కళ్ళు తుడుచుకుంటూ వెళ్ళిపోయింది.

ఉడత తన గదిలోకి వచ్చి తలుపేసుకుంది. చెబితే తాతయ్య ఇక జన్మలో తనతో మాట్లాడడేమో. చెప్పకపోతే రేపు రికార్డులన్నీ వెళ్ళిపోతాయి. అవి పోతే పోనీ. తాతయ్య తన చేతుల వైపు అలా చూసుకోవడమే ఆమె చూడలేకపోతోంది. వణికే చేతులతో ఆయన ఎంత జాగ్రత్తగా సూది దించుతాడో ఆమెకు తెలుసు.

మంచం కిందికి వంగి ఆ గుడ్డ బయటికి లాగింది. ఎండి అట్టలా బిగుసుకుపోయింది. నల్లగా ఉంది.

సీసా, గుడ్డ పట్టుకుని తాతయ్య ముందుకెళ్ళి నిలబడింది.

"తాతయ్యా. ఎండ కాదు."

"ఏంటమ్మా?"

"మబ్బు పాట ఎండకు పాడవలేదు. నేను తుడిచాను. దీంతో."

తాతయ్య గుడ్డ అందుకుని వాసన చూశాడు. కింది అరలోంచి రికార్డు తీసి బాల్కనీలోకి, వెలుతురులోకి నడిచాడు. ఇటూ అటూ తిప్పి చూశాడు. గుండ్రంగా రుద్దిన చారలున్నాయి. అంచున చిన్న చిన్న వేళ్ళ ముద్రలు గట్టిపడి ఉన్నాయి.

వెనక్కి తిరగకుండానే అన్నాడు. "కాసేపు బయట ఉండు ఉడతా."

ఆమె బయటికొచ్చింది. తలుపు మూసుకుంది.

ఉడత ఎక్కడికీ పోలేదు. తలుపు పక్కనే నేల మీద కూర్చుంది. ఒక చోట అంతసేపు కూర్చోవడం ఆమెకు అదే మొదటిసారి.

చాలాసేపటికి తలుపు తెరుచుకుంది. తాతయ్య కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"ఎందుకు తుడిచావు?"

ఆ మాటతో అన్నీ బయటికొచ్చేశాయి. అమ్మమ్మ దగ్గడం. తాతయ్య అంబులెన్సు ఎక్కుతాడేమోనని భయం. కార్టూన్. పాల ప్యాకెట్లు.

"జబ్బు తెచ్చింది కూడా నేనే తాతయ్యా. ప్యాకెట్లు తుడవలేదు. అందుకే అమ్మమ్మ..."

ఉడత మోకాళ్ళలో మొహం దాచుకుంది.

తాతయ్య గోడ పట్టుకుని మెల్లగా కిందికి దిగి ఆమె పక్కన కూర్చున్నాడు.

"ఇన్నాళ్ళూ ఇది మోసుకుని తిరుగుతున్నావా?"

ఉడత తలూపింది.

"ఇలా చూడు. ఆ వారం నేను కూరగాయల బండి దాకా వెళ్ళాను. నాన్న రోజూ షాపుకెళ్ళాడు. అమ్మమ్మ పక్కింటావిడతో గోడ దగ్గర గంటసేపు కబుర్లు చెప్పింది. మాస్కు గడ్డం కింద పెట్టుకుని మరీ చెప్పింది, నేను చూశాను. ఎవరి వల్ల వచ్చిందో ఎవరికి తెలుసు? డాక్టర్లకే తెలియదు. నీకెలా తెలిసింది?"

"తెలియదు... అనుకున్నాను."

"నేనూ అనుకున్నాను, ఎండ అని."

ఉడత మొహం తుడుచుకుంది.

"తుడిస్తే ఎందుకు పాడైంది తాతయ్యా? గడియలు పాడవలేదుగా."

"గడియ ఇనుము. ఇది లక్క. ముద్దలా కరిగించి అచ్చు వేస్తారు. లక్కకు స్పిరిట్ తగిలితే కరిగిపోతుంది. పాటంతా ఆ సన్నని గాడుల్లోనే ఉంటుంది. గాడులు కరిగిపోయాయి, పాటా పోయింది." ఆయన ఉడత వైపు తిరిగాడు. "నీకు నేనెప్పుడూ చెప్పలేదు. చెప్పి ఉండాల్సింది."

"నేను అడగలేదు."

"ఊఁ. నువ్వు అడగలేదు."

"కోపంగా ఉందా?"

తాతయ్య అబద్ధం చెప్పలేదు. "ఉంది. చాలా ఉంది. పోవడానికి కొన్నాళ్ళు పడుతుంది. అప్పటిదాకా నువ్వు ఎక్కడికీ వెళ్ళకు. ఇక్కడే నా చుట్టూ తిరుగుతుండు."

ఉడత ఆయన భుజానికి తల ఆనించింది. ఆయన చెయ్యి ఆమె తల మీదికి వచ్చింది.

మర్నాడు పాత సామాన్ల అతను గేటు దగ్గర కేకేశాడు. తాతయ్య ఒక కట్ట పాత న్యూస్‌పేపర్లు ఇచ్చి పంపేశాడు.

"పెట్టెలున్నాయన్నారుగా పెద్దాయనా?"

"పెట్టెలున్నాయి. ఇచ్చేవి కావు" అన్నాడు.

*

కొన్నాళ్ళకు ఆసుపత్రి నుంచి పిలుపొచ్చింది. అమ్మమ్మ సామాన్లు ఉన్నాయి, వచ్చి తీసుకెళ్ళమన్నారు. నాన్న షాపు మూసి వెళ్ళాడు. తిరిగి వచ్చేసరికి చేతిలో ఒక ప్లాస్టిక్ కవరు ఉంది. గేటు పక్కన కుర్చీ మీద పెట్టి, తను దూరంగా జరిగాడు.

"మామయ్యా, ఆ నర్సమ్మ కనపడింది" అన్నాడు. "మీకు చెప్పమంది. ఆఖరిసారి ఫోను చేసినప్పుడు మీరు సూదిని తిట్టారటగా? దిగి తొయ్యమన్నారట?"

తాతయ్య బిత్తరపోయాడు. "వినపడిందా?"

"మొత్తం వినపడిందట. అత్తయ్య మాస్కు లోపల నవ్వుతూనే ఉన్నారట. ఆయనంతే, ఎప్పుడూ అంతే అని చేత్తో చూపించారట. నర్సమ్మకే కంగారు పుట్టి, ఇంక నవ్వొద్దండీ, ఆయాసం వస్తుంది అని చెప్పాల్సి వచ్చిందట."

తాతయ్య గేటు ఊచ గట్టిగా పట్టుకున్నాడు. ఆయన గడ్డం వణికింది. ఆ వణుకులోనే పెదాలు కాస్త విచ్చుకున్నాయి.

ఉడత అలవాటుగా సీసా పట్టుకుని పరుగెత్తుకొచ్చింది. తుడవనిది లోపలికి రాకూడదు కదా. కుర్చీ దగ్గర ఆగి కవరులోకి చూసింది. దువ్వెన. ఫోను. చార్జరు. అన్నిటి పైనా కళ్ళజోడు.

వేలు సీసా మీటకు ఆనింది. ఒక్క నొక్కు చాలు.

కళ్ళజోడు ఎడమ అద్దం మీద మరకుంది. అమ్మమ్మ జోడు ఎప్పుడూ అద్దం పట్టుకునే తీసేది. కాడలు పట్టుకుని తియ్యమని ఎన్నిసార్లు చెప్పినా వినేది కాదు. మరక మీద ఎండ పడింది. అది బొటనవేలి ముద్ర. సన్నని గీతలు, ఒకదాని పక్కన ఒకటి, గుండ్రంగా తిరిగి ఉన్నాయి. ఒక్కటీ చెదరలేదు.

ఉడత సీసా దించింది.

"తాతయ్యా, దీన్ని తుడవనా? వద్దా?"

తాతయ్య వంగి చూశాడు. ఆయనకు మొదట ఏమీ కనపడలేదు. ఉడత ముట్టుకోకుండా వేలితో చూపించింది. అప్పుడు కనపడింది. ఆయన చాలాసేపు అలాగే వంగి ఉన్నాడు.

"వద్దు" అన్నాడు. వెంటనే అల్లుడి వైపు చూశాడు. "కానీ మరి జబ్బు..."

"ఏం పర్లేదు మామయ్యా" అన్నాడు నాన్న. "ఎవరూ ముట్టకుండా కొన్ని రోజులు ఒక పక్కన వదిలేస్తే చాలు. దానంతట అదే పోతుంది."

"తుడవకుండానే?" అని అడిగింది ఉడత.

"తుడవకుండానే."

ఉడత లోపలికి పరుగెత్తి తన కొత్త బూట్ల డబ్బా ఖాళీ చేసి తెచ్చింది. గ్లౌజులు తొడుక్కుని కాడలు పట్టుకుని, అద్దం దేనికీ తగలకుండా, కళ్ళజోడును డబ్బాలో పెట్టింది. బాల్కనీ మూలకు తీసుకెళ్ళి, ఎండ తగలని చోట దించింది.

అప్పుడే అమ్మ ఒక తడిగుడ్డతో బాల్కనీలోకి వచ్చింది. "ఈ డబ్బా ఏంటే ఇక్కడ? జరుపు, నేల తుడవాలి."

"జరపకూడదమ్మా. లోపల చూడు. ముట్టుకోకుండా చూడు."

అమ్మ వంగి చూసింది. చేతిలో గుడ్డ అలాగే ఉండిపోయింది. తర్వాత దాన్ని బకెట్లో పడేసి ఉడత పక్కన నేల మీద చతికిలబడింది.

ఆ సాయంత్రం బాల్కనీ అంతా శుభ్రంగా ఉంది, ఆ ఒక్క మూల తప్ప.